తెల్లారేదాకా కూర్చునేవాళ్ళు

ఈ పత్రికలో శానామంది తాము పోయివచ్చిన యాత్రల గురించి రాస్తా వుంటారు. తిరుపతి, ధర్మస్థల, శబరిమల అన్నీ చదివి సంతోషపడితిని. నేను అంత దూరాలు తిరిగినోణ్ణి కాదు. నాకు తెలిసిన యాత్ర ఒకటే. పొద్దు మునిగినాక కంబళి భుజాన వేసుకొని నాటకం ఆడే ఊరికి పొయ్యేది, తెల్లారినాక ఇంటికి వచ్చేది. యాభై ఏండ్లకు పైగా ఇదే నా యాత్ర. అందుకే మా మంచేనహళ్ళి గురించి, మా చుట్టుపక్కల ఆడే ఆటల గురించి, వాటిని చూసేవాళ్ళ గురించి నాలుగు మాటలు రాస్తాను.

మంచేనహళ్ళి చిక్కబళ్ళాపురం నుంచి గౌరిబిదనూరు పొయ్యే దోవలో ఉండాది. శానా కాలం గౌరిబిదనూరు తాలూకాలో ఒక హోబళిగా ఉండె, ఇప్పుడు అదే తాలూకా అయింది. ముందు మాది కోలారు జిల్లా. 2007లో చిక్కబళ్ళాపురం వేరే జిల్లా అయ్యె. నంది కొండల దగ్గర పుట్టిన ఉత్తర పినాకిని మా సీమలోనే పారి, గౌరిబిదనూరు దాటి, హిందూపురం వైపు పోతుంది. అక్కడివాళ్ళు దాన్ని పెన్న అంటారు. నది అని పేరేగాని మా దగ్గర ఏడాదిలో ఎక్కువ నాళ్ళు ఇసకే. వానను నమ్ముకొని రాగి, చెనిక్కాయ, ముసుకుజొన్న వేస్తారు. పంట ఇంటికి వచ్చినాక, సంక్రాంతి నుంచి ఉగాది దాటేదాకా చేతిలో పని తక్కువ. ఆ మూడు నెలలే మాకు ఆటల కాలం. నీళ్ళు ఎక్కువ ఉండే సీమ అయితే రెండో పంటకు పొయ్యేవాళ్ళం, ఇన్ని ఆటలు ఉండేవి కాదేమో.

మా ఇంట్లో మాట తెలుగు, బడిలో అక్షరం కన్నడం. నేను చదివింది నాలుగో తరగతి దాకా, అదీ కన్నడంలోనే. తెలుగు అక్షరాలు బెంగుళూరు మిల్లులో నేర్చుకొంటిని. నా పక్క మగ్గాల మీద పనిచేసే హిందూపురం అన్న ఒకాయన టీ తాగే పొద్దులో సిగరెట్టు పెట్టె అట్ట మీద రాసి చూపించె. "ఏముందప్పా, మీ అక్షరమే. తలకట్టు మారిస్తే మాది అవుతాది" అనె. మా వైపు ఆట పుస్తకాలు కూడా ఇట్లాంటివే. మాటలన్నీ తెలుగు, రాసింది కన్నడ అక్షరాల్లో. గురువు పెట్టెలో ఉండే పాత నోటుబుక్కు తెరిస్తే ఆంధ్రావాళ్ళు చదవలేరు, మైసూరువాళ్ళు చదివినా అర్థం చేసుకోలేరు. మాకు మాత్రం రెండూ ఇంటివే.

పిల్లలకు తెలియదు కాబట్టి ముందు కేళికె అంటే ఏమో చెప్తాను. అది బయలాట. కన్నడంలో మూడలపాయ యక్షగానం అంటారే, దానికి మా తెలుగు బంధువు. దీనికి కట్టిన రంగం అక్కరలేదు, గుడి ముందర బయలు చాలు. మద్దెల, తాళాలు, ముఖవీణ ఉంటాయి. భాగవతుడు వెనక నిలబడి పాట ఎత్తుకొంటాడు. వినాయకుడి పూజ అయినాక ఇద్దరు మనుషులు తెర పట్టుకొంటారు. వేషగాడు తెర వెనకనే గజ్జెలు మోగిస్తాడు. మనకు పైన కిరీటం కొన, కింద పాదాలు మాత్రం అగుపిస్తాయి. ప్రవేశ దరువు పాడుతా అడుగులు వేసి, మనల్ని బాగా కాయించి, అప్పుడు తెర తీయిస్తాడు. వెంటనే హాస్యగాడు ఎదురుగా వచ్చి నువ్వెవరు, ఏ ఊరు, ఏ పని మీద వస్తివి అని అడుగుతాడు. ఎంత పెద్ద రాజు వేషమైనా ఆ కోణంగికి బదులు చెప్పి తీరల్ల. పాట, మాట, అడుగు మూడూ ఒకే మనిషి చెయ్యల్ల. పగలు మడక పట్టిన మనిషి రాత్రి భుజకీర్తులు, కిరీటం మోసుకొని తెల్లారేదాకా గుండ్రంగా తిరుగుతా ఎగరల్ల.

రెండోది పౌరాణిక నాటకం. దీనికి పరదాలు, సీన్లు, లైట్లు, హార్మోనియం ఉంటాయి. కురుక్షేత్రం, రామాయణం, శని మహాత్మ్యం, సత్య హరిశ్చంద్ర ఎక్కువ ఆడతారు. ఒక ఊర్లో కన్నడం, ఇంకో ఊర్లో తెలుగు, కొన్నిసార్లు ఒకే రాత్రి రెండూ. పద్యాన్ని రాగం తీసి పాడే ఈ నాటకానికి కూడా మూలాలు ఈ కన్నడ సీమలోనే ఉండాయి. ఆంధ్ర నాటక పితామహుడు అని పేరు పొందిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1853–1912) నాటకాలు ఆడించింది బళ్ళారిలో. పేరులోనే ఊరు పెట్టుకొన్న బళ్ళారి రాఘవ (1880–1946) కూడా అక్కడివాడే. ఇటు తుమకూరు వైపు గుబ్బి కంపెనీ 1884లో పుట్టె. గుబ్బి వీరణ్ణగారు కురుక్షేత్రంలో నిజం ఏనుగుల్ని, గుర్రాల్ని రంగం మీదికి తెచ్చిరని మా తాత చెప్తా వుండె. అట్లాంటి పెద్ద కంపెనీల కాలం పోయింది. పల్లెల్లో మిగిలింది హార్మోనియం మేష్ట్రు. ఆయన ఊరికి వచ్చి మూడు నాలుగు నెలలు, దినామూ రాత్రి పూట, రైతులకు, కూలోళ్ళకు, ఆటో తోలే పిల్లోళ్ళకు పద్యాలు నేర్పి నిలబెడతాడు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. పట్నాల్లో చూసేవాడు దుడ్డిచ్చి టికెట్టు కొంటాడు, ఆడేవాడు ఆ దుడ్డుతో బతుకుతాడు. మా పల్లె నాటకంలో అంతా తలకిందులు. ఆడేవాడే దుడ్డిస్తాడు, చూసేవాడు ఊరికే కూర్చుంటాడు. మేష్ట్రు సంబళం, సీన్ల బాడిగ, బట్టలు, కిరీటాలు, మైకు, బయటి నుంచి వచ్చే ఆడవేషాలవాళ్ళ దుడ్డు అంతా పాత్రధారులు పంచుకోవల్ల. దుర్యోధనుడు, కృష్ణుడు లాంటి పెద్ద పాత్రకు పెద్ద పాలు. సైనికుడికి చిన్న పాలు. దుర్యోధనుడు కావాలని చీటీ ఎత్తినోళ్ళను, దూడను అమ్మినోళ్ళను నేను చూసినాను. ఎందుకంటారా? ఏడాదంతా ఒకరి కింద పనిచేసే మనిషి, ఒక రాత్రి ఊరందరి ముందర కిరీటం పెట్టుకొని గొంతెత్తి పాడతాడు. ఆ ఒక్క రాత్రి కోసం. ఊరికే కూర్చునేవాళ్ళం మనం దానికి ఏమి ఇస్తాము? కూర్చునేదే ఇస్తాము. తెల్లారేదాకా లేవకుండా కూర్చుంటే మన పాలు చెల్లినట్టు.

ఈ మాట నాకు మా తాత చెప్పె. ఆయన వేషం కట్టినోడు కాదు, చూసేవాడే. కాని సుట్టూ ఉండే పల్లెల్లో గురువులు ఆయన వచ్చినాడా అని చూసుకొని మద్దెల కొట్టేవాళ్ళు. తాళం తప్పితే ఆయన ఏమీ అనడు, మోకాలి మీద వేలితో సరైన తాళం వేస్తాడు. మద్దెల కొట్టేవాడు ఆ వేలు చూసి సర్దుకొంటాడు. అట్లా చూసేవాడు కూడా ఆటలో ఒక మనిషే అని నాకు పదేండ్లకే తెలిసె.

బాగా చూసే మనిషికి కొన్ని కట్టుబాట్లు ఉండాయి. ముందు వరసలో కూర్చుంటే రంగు బాగా అగుపిస్తుంది, పాట వినాలంటే మాత్రం హార్మోనియం పక్కన కూర్చోవల్ల. వన్స్ మోర్ అని అరిచేది పద్యం నిజంగా బాగుంటేనే, చుట్టమని కాదు. రాత్రి రెండు గంటలప్పుడు గొంతు అలిసిపోయి ఉంటాది, అప్పుడు వన్స్ మోర్ అడిగితే ఆ మనిషిని చంపినట్టే. ముయ్యి చదివించేవాళ్ళు, హారం వేసేవాళ్ళు, నోటు పిన్ను గుచ్చేవాళ్ళు పద్యం అయినాక పోవల్ల. ఈ మధ్య అది తప్పిపోయింది. అభిమన్యుడు పద్మవ్యూహంలో ఉండంగానే, ఫలానా వారి నుంచి ఐదు నూర్లు అని మైకులో చెప్తారు. వాడు కత్తి పట్టుకొని నిలబడి హారం వేయించుకొని, మళ్ళా సచ్చేదానికి పోతాడు.

మెలకువగా ఉండే విద్య నాకు మిల్లు నేర్పె. పద్దెనిమిదో ఏట బెంగుళూరు పోయి మగ్గాల షెడ్డులో చేరితిని. మూడో షిఫ్టు రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా. అందరికీ కష్టంగా ఉండే ఆ షిఫ్టు నాకు సులభంగా ఉండె. కురుక్షేత్రం కూడా పదికే మొదలై ఆరుకే ముగిసేది కదా అని మా జాబర్‌తో చెప్తే ఆయన నవ్వె. మొదటి షిఫ్టు వారాల్లో రెండు గంటలకు బయటికి వచ్చి, స్నానం చేసి, జె.సి. రోడ్డులో ఉండే రవీంద్ర కళాక్షేత్రానికి పోతా వుంటిని. అది 1963లో తెరిచిన పెద్ద రంగమందిరం. దాని పక్కనే సంస బయలు రంగమందిరం. అక్కడ పోలీసులు, ఫ్యాక్టరీవాళ్ళు, బస్సు కండక్టర్లు కూడా పౌరాణిక నాటకాలు ఆడేవాళ్ళు. వాళ్ళల్లో శానామంది మా మాదిరి పల్లె నుంచి వచ్చినోళ్ళే. మెత్తటి కుర్చీ, చల్లటి గాలి, అంతా బాగుంటాది. కాని పదిన్నరకు దీపాలు వేసి పంపించేస్తారు. మా వైపు పదిన్నరకు ఇంకా కృష్ణుడు కూడా రాడు.

మిల్లులో మదనపల్లె వైపు స్నేహితులు ఉండిరి. వాళ్ళు నన్ను చిత్తూరు జిల్లాలో జరిగే భారతానికి పిలుచుకొని పోయిరి. ద్రౌపదమ్మ గుడి దగ్గర పద్దెనిమిది నాళ్ళు జరుగుతాది. పగలు భారత కథ చెప్తారు, రాత్రి అదే కథను వీధినాటకంగా ఆడతారు. అర్జునుడి తపస్సు దినం, అర్జున వేషగాడు పెద్ద మానుకు మెట్లు కట్టించి, పాడుకుంటా మెట్టు మెట్టుకూ ఎక్కిపోతాడు. బిడ్డలు లేని ఆడవాళ్ళు తడిబట్టలతో కింద సాగిలపడి ఉంటారు. పైనుంచి వేసే పండు కోసం వాళ్ళు కొంగు పడతారు. కడా దినం దుర్యోధనుణ్ణి మన్నుతో నేల మీద పెద్ద బొమ్మగా చేసి, భీముడు దాని తొడ పగలగొడతాడు. అక్కడ చూసేవాడు, మొక్కేవాడు, ఆడేవాడు అని వేరువేరుగా లేరు. అంతా కలిసిపోయి ఉండిరి.

ఇప్పుడు చెవుల సంగతి. మన పత్రిక చదివే ఇండ్లల్లో ఇది శానామందికి పనికి వస్తుంది. షటిల్ మగ్గాల షెడ్డులో పక్కన నిలబడిన మనిషితో కూడా సైగలతో మాట్లాడతాము. ఫ్యాక్టరీ నియమాల్లో 8 గంటల పనికి శబ్దం 90 డెసిబెల్స్ దాటకూడదని ఉండాది. మగ్గాల షెడ్డు దాన్ని సులభంగా దాటుతాది. మాకు చెవుల్లో పెట్టుకొనేదానికి ఏమీ ఇవ్వలేదు. కొందరు వేస్టు దూది పెట్టుకొనేవాళ్ళు, దూది పెద్దగా కాపాడదు. ఈ చెవుడు ఒక్కసారి రాదు, నొప్పి ఉండదు. ముందు సన్నటి శబ్దాలు పోతాయి. మొగోళ్ళ మాట వినిపిస్తాది, చిన్నబిడ్డ మాట అర్థం కాదు. ఇంట్లో టీవీ గట్టిగా పెడతావని కొట్లాడతారు. పోయినది తిరిగి రాదు.

నాకు అది డాక్టరు చెప్పకముందే ఆటలో తెలిసె. ముఖవీణ పోయింది. పీక బిగించి ఊదుతా వున్నాడు, బుగ్గలు ఉబ్బుతా వున్నాయి, నాకు ఏమీ రాలేదు. మద్దెల ఉండాది, తాళం సగం ఉండాది. కొన్నేండ్లకు పద్యం కడాన తీసే పైస్వరం కూడా పోయింది. గాయకుడు రాగం పైకి తీసుకొని పోతాడు, ఒక మెట్టు దాటినాక నాకు నోరు మాత్రమే అగుపిస్తాది. మళ్ళా కిందికి దిగినప్పుడు వినిపిస్తాడు. కొండ మీద మేఘంలోకి పోయి వచ్చిన మాదిరి.

అందుకే ఇప్పుడు మిల్లుల్లో, పవర్‌లూముల్లో పనిచేసే పిల్లలకు చెప్తాను. చెవుల్లో పెట్టుకొనే ప్లగ్గులు అడిగి తీసుకోండి, ఏడాదికి ఒకసారి చెవి పరీక్ష చేయించుకోండి. శబ్దం వల్ల వచ్చే చెవుడు చట్టం జాబితాలో వృత్తి రోగంగా ఉండాది. ఇ.ఎస్.ఐ. కార్డు ఉండేవాళ్ళు కాగితం మీద రాయించుకోండి. నేను మెషీను పెట్టుకొన్నాను. మాటకు బాగుంది. మైకులు పెట్టిన నాటకంలో మాత్రం అంతా గోల చేస్తాది, తీసి జేబులో వేసుకొంటాను.

మా మనవరాలు బెంగుళూరులో కాలేజీ చదువుతుంది. "తాతా, నీ మాదిరి వాళ్ళు ఫారిన్‌లో కూడా ఉండారు" అని ఫోనులో ఒపేరా చూపించె. మాట అనేదే తక్కువ, అంతా పాటే, కథ అంతా పాటలోనే నడుస్తాది. బ్యాలే అని ఇంకోటి చూపించె, అందులో పాట కూడా లేదు, అడుగులతోనే కథ చెప్తారు. కేళికెను రెండుగా చీల్చి, నోరు ఒకరికి, కాళ్ళు ఒకరికి పంచినట్టు అగుపించె. ఇటలీలో మిలాన్ అనే ఊర్లో లా స్కాలా అని 1778లో కట్టిన ఒపేరా ఇల్లు ఉండాదంట. పైకప్పు దగ్గర తక్కువ దుడ్డు సీట్లల్లో కూర్చునే రెగ్యులర్ మనుషులంటే పాడేవాళ్ళకు భయమంట. 2006లో ఒక పెద్ద గాయకుడు పాడినది నచ్చక వాళ్ళు గోల చేస్తే, ఆయన ఆట నడుమనే దిగి పోయెనంట. ఇంకొకాయన మామూలు బట్టలతోనే వచ్చి మిగతా పాట పాడెనంట. విని నేను నవ్వితిని. వాళ్ళు దుడ్డిచ్చినోళ్ళు కాబట్టి గోల చేసే హక్కు ఉండొచ్చు. మా దగ్గర దుడ్డిచ్చింది రంగం మీద ఉండేవాడు. మనం గోల చేసేదానికి లేదు.

ఇంకో సంగతి మాత్రం నాకు శానా నచ్చె. ఒపేరాలో పాడే మాటల అర్థాన్ని రంగం పైన పలక మీద అక్షరాల్లో చూపిస్తారు. 1983లో కెనడా దేశం టొరంటోలో మొదలుపెట్టిరంట. వేరే భాషవాళ్ళ కోసం పెట్టినది, నాలాంటి చెవిటోళ్ళకు కూడా పనికి వస్తుంది. మా దగ్గర ఆ పలక లేదు. కాని యాభై ఏండ్లు విన్న పద్యం కాబట్టి పలక నా తలలోనే ఉండాది. గాయకుడు మేఘంలోకి పోయినప్పుడు నేను అది చదువుకొంటాను.

కొన్నేండ్ల కింద మా పక్క పల్లెలో కురుక్షేత్రం ఆడిరి. దుర్యోధనుడి పాత్ర ఇటుకల బట్టీలో పనిచేసే అబ్బోడిది. మొదట బయలంతా జనం. పన్నెండుకు ఆడవాళ్ళు బిడ్డల్ని ఎత్తుకొని లేచిరి. రెండుకు పడుచుపిల్లలు బైకులు తీసిరి. పోయేవాళ్ళు కూడా వాళ్ళ చుట్టం పాత్ర అయ్యేదాకా ఉండి, ఫోనులో వీడియో తీసుకొని పోతారు. నాలుగున్నరకు తొడ విరిగే ఘట్టం వచ్చె. లెక్క పెడితిని, పదకొండు మందిమి ఉంటిమి. అందులో ఇద్దరు నిద్రపోతా వున్నారు, ఒకడు మైకు బాడిగవాడు. ఆ అబ్బోడు నేల మీద పడి కడా పద్యం ఎత్తుకొనె. నాకు సగం దాకా వినిపించె, ఆపైన పోయింది. లేచి దగ్గరకు పోయి, రంగం అంచున గడ్డం ఆనించి కూర్చుంటిని. మెడ నరాలు బిగిసినాయి, ఎక్కడా వదల్లేదు. ఒక చేయి నేలను పట్టుకొని ఉండాది. పలక మీద వేలు పెడితే హార్మోనియం అదురు తెలుస్తా వుండె, దానితో గొంతు ఎప్పుడు దిగిందో తెలిసె.

మంగళం అయినాక ఆ అబ్బోడు ముఖానికి రంగు అట్లనే ఉండంగా నా దగ్గరకు వచ్చె. "తాతా, కడా పద్యం పైకి పోయిందా?" అని అడిగె. నాలుగు నెలలు నేర్చుకొన్న పద్యం. అడిగేదానికి ఇంకెవరూ మిగల్లేదు. "పోయింది నాయనా. పైకి పోయి, పద్ధతిగా దిగింది. నేను చూస్తిని" అంటిని. వాడు నా పక్కనే కూర్చొని, కిరీటం తీసి ఒళ్ళో పెట్టుకొని, టీ తాగె. ఏడు గంటలకు మళ్ళా బట్టీకి పోవల్లంట.

ఇప్పుడు కొన్ని ఊర్లల్లో నాటకాన్ని కుదించి నడిరాత్రికే ముగిస్తా వున్నారు. అది తప్పు అనను. పొద్దున పనికి పోయేవాళ్ళు, బడికి పోయే బిడ్డలు ఉండారు. కేళికె నేర్పే గురువులు తగ్గిపోయినారు, ముఖవీణ ఊదేవాళ్ళు ఇంకా తక్కువ. గవర్నమెంటువాళ్ళు, కళల సంఘాలవాళ్ళు ఆడేవాళ్ళకు శాలువ కప్పుతారు, అది మంచిదే. చూసేవాళ్ళను మాత్రం ఎవరూ తయారు చెయ్యలేరు, మనమే పోయి కూర్చోవల్ల. ఎనిమిది గంటలు నిలబడి మగ్గం చూసుకొన్నవాళ్ళం, దారం తెగితే నిద్రలో కూడా కండ్లు తెరిచేవాళ్ళం. ఒక రాత్రి కూర్చునేది మనకు కష్టం కాదు.

రావాలనుకొనేవాళ్ళు సంక్రాంతి అయినాక రండి. బెంగుళూరు నుంచి హిందూపురం పోయే రైలు ఎక్కి గౌరిబిదనూరులో దిగితే మంచేనహళ్ళికి బస్సులు ఉండాయి. చిక్కబళ్ళాపురం మీద కూడా రావచ్చు. ఏ ఊర్లో ఆట అనేది బస్టాండు గోడ మీద కాగితం అతికించి ఉంటాది, టీ అంగట్లో అడిగినా చెప్తారు. కంబళి తెచ్చుకోండి, మాఘ మాసం చలి నంది కొండ మీద నుంచి నేరుగా దిగుతాది. బొరుగులు, చెనిక్కాయలు అక్కడే దొరుకుతాయి. బిడ్డల్ని కూడా పిలుచుకొని రండి, నిద్ర వస్తే ఒళ్ళో పండుకోనీండి, భీముడు వచ్చినప్పుడు వాళ్ళే లేస్తారు. హార్మోనియం పక్కన చాప మీద ఒక ముసలోడు మోకాలి మీద తాళం వేస్తా వుంటే అది నేనే. గట్టిగా పిలవండి, మెల్లగా పిలిస్తే నాకు వినపడదు. పక్కన చోటు ఉంటాది.